కొర్రల మూట

సీతారామపురంలో తొలి బస్సెక్కి
మూట ఒళ్లో పెట్టుకున్నా.
పక్కసీటాయన ఏందని అడిగితే
"బట్టల్లే" అన్నా.

మా నాయన నెల్లూరు గురించి చెప్పిందంతా
అన్నం గురించే.
ఊరింకా రాకముందే
మొలగొలుకుల వాసనొస్తదన్నాడు.
ఆయన చిన్నప్పుడు మా కొండకింద
జొరమొచ్చి లేస్తేనే వరికూడు.
నెల్లూరికి ఒక్కసారే పోయొచ్చాడు,
ఆ ఒక్కసారినే ముప్పై ఏళ్లు తిన్నాడు.

ఆత్మకూరు బస్టాండులో దిగి గట్టిగా పీల్చి చూశా.
డీజిలు. మల్లెపూలు.
ఎవరిదో చేపలబుట్ట కారిన నీళ్లు.

మాగుంట లేఅవుటులో
రొయ్యల పెంచలప్రసాదు గారి గేటు
దానంతటదే తెరుచుకుంది.
చెప్పులు యాడ విడవాలో తెలీక
చేతబట్టుకుని నిలబడ్డా.
ఆయన మూట విప్పి
పిడికెడు కొర్రలు అరచేతిలో పోసుకుని
నగల షాపులో మాదిరి పొర్లించి పొర్లించి చూశాడు.
"పాలిష్ పట్టలేదు గదా?"
లేదండీ,
మా అమ్మ రోకలికి అంత ఓపిక లేదు.

తినిపొమ్మన్నారు.
వెండిగిన్నెలో నాలుగు ముద్దల కొర్రన్నం,
ఉడకేసిన సొరకాయ, ఉప్పులేని మజ్జిగ.
"షుగరు" అంది ఆయమ్మ, ఇంటిపేరు చెప్పినట్టు.
ముప్పై చెరువుల రొయ్యల్ని ఓడలెక్కించిన మనిషి
నావైపు చూసి అన్నాడు గదా:
"రోజూ ఇదే తింటారా? అదృష్టవంతులయ్యా!"
నాకు పొలమారింది.

కిలోకి ఆయనిచ్చిన డబ్బుతో
మూడు కిలోల సన్నబియ్యం వస్తాయి.
రెండుసార్లు లెక్కేశా.

"బస్సుకింకా రెండు గంటలుండాది, రా" అని
ఆటో మాలకొండయ్య పెన్నవంతెన దాటించి
వెంకటేశ్వరపురం రేకులింటికి తీసకపోయాడు.
వాళ్లమ్మ మస్తానమ్మది
ఎగుమతి షెడ్డులో రొయ్యల తలకాయలు గిల్లే పని.
ఐసునీళ్లకి నాని
వేళ్లకొసలు ముడతలు పడి తెల్లగా ఉండాయి.
ఆ వేళ్లతోనే పెట్టింది,
గుట్టగా అన్నం, దాని మీద
మామిడికాయేసిన నిన్నటి చేపల పులుసు.
"రేషను బియ్యమేలే నాయనా" అంది తల దించుకుని,
పొద్దున బస్సులో
నేను బట్టలన్న గొంతుతోనే.

మొలగొలుకులు యాడ దొరుకుతాయని అడిగా.
"ఆ పేరు మా అవ్వ అనేది" అంది,
ఇంకో గరిటె పోసి.

చీకట్లో ఉదయగిరి కొండ కనపడేదాకా ఆలోచించా
నాయనకేం చెప్పాలో.
ఆయన ఏమీ అడగలేదు.
మస్తానమ్మ పులుసు గిన్నె కట్టిచ్చిన మూటగుడ్డని
ముక్కు కాడ పెట్టుకుని చానాసేపు కూర్చున్నాడు.
"అదే గదా?" అన్నాడు చివరికి.

ఊఁ అన్నా.