కారణం: ఇతరములు

పర్లాకిమిడి రైల్వే గేటు పక్కన
జిరాక్సు కొట్లో కూర్చున్నాను.
కుర్రాడు ఒడియాలో అడుగుతాడు, నేను తెలుగులో చెబుతాను,
కంప్యూటరుకి రెండూ రావు.

"ఐపీ పెట్టినవాళ్లకి కూడా
ఓ గడి ఇస్తారు పిన్నీ, మీ మాట రాసుకోవచ్చు.
రేపు ఎవడు రిపోర్టు తెరిచినా కనబడుతుంది.
ముందు కారణం ఎంచండి:
జబ్బు, ఉద్యోగం పోవడం, విడాకులు, ఇతరములు."

ఇతరములు, అన్నాను.
పద్దెనిమిదేళ్ల నీలమణి టెంట్ హౌస్
ఆ ఒక్క మాటలో దూరిపోయింది
బాల్చీలో బాల్చీ దూరినట్టు.

మొదట కరోనా అని రాయించాను.
రెండేళ్ల ముహూర్తాలు. మూడు వందల ఎనభై కుర్చీలు
గోడౌన్లో ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చుని
ఎవరి పెళ్లికీ పోలేదని.
నిజమే. కానీ ఊరందరిదీ అదే నిజం.
కొట్టేయమన్నాను.

తరవాత దండపాణి పేరు చెప్పాను.
వాటాదారు. జనరేటరు గుణుపురం పట్టుకుపోయి
ఇప్పటికీ రిపేరులోనే ఉందంటాడు.
కుర్రాడు వేళ్లు ఆపాడు.
"పేర్లు రాయకూడదు పిన్నీ."
మంచిదే. నా కాగితం మీద వాడెందుకు?

మూడోసారి నెమ్మదిగా చెప్పాను.
ఆఖరి ఇరవై రెండు వేలు చేతిలో ఉన్న రోజు
బ్యాంకుకి వెళ్లే దారిలోనే
వంట కూర్మయ్య ఇల్లుంది.
రాటలు పాతే సవర కుర్రాళ్ల బస ఉంది.
ఏడు నెలల కూలి బాకీ.
దారిలోనే అయిపోయాయి డబ్బులు.
పొరపాటు కాదు,
తెలిసే చేశాను.

"ఎక్కువైపోయింది," అని కత్తిరించాడు.
ఇంగ్లీషులో చదువుకుని, వచ్చీరాని తెలుగులో
కోర్టు బంట్రోతులా వినిపించాడు:
కూలీలకు ముందు చెల్లించితిని. తరువాత మిగలలేదు.

అంతేనా, అన్నాను.
ఇంకా పన్నెండు అక్షరాలు పడతాయన్నాడు.

పన్నెండు అక్షరాల్లో పట్టేది ఒకటుంది:
కోర్టు జాబితాకెక్కని ఇత్తడి గంగాళం,
అటక మీద, గోనెపట్టా కింద.
మొట్టమొదటి అద్దె, పదకొండు రూపాయలు, తెచ్చింది అదే.
దేవుడడిగితే చెబుతాను.
మేనేజరుకి చెప్పను.

ఖాళీగా వదిలేయమన్నాను.
ముప్పై రూపాయలన్నాడు. రొక్కం ఇచ్చాను.

కుర్చీలు వేలంలో పాతపట్నం వాడు పాడుకున్నాడు.
మొన్న ఆడపడుచు మనవరాలి బారసాలలో
కూర్చోబోతూ, పాత అలవాటు, కుర్చీ తిరగేశాను.
అడుగున వాళ్లు పూసిన కొత్త రంగు కింద
నా చేత్తో నేను రాసిన కొట్టు పేరు మొదటి అక్షరం
పొర లేచి చూస్తోంది:
నీ.

నీది, అని పూర్తిగా అనలేదు.
వడ్డన మొదలైంది.
కూర్చున్నాను.