పట్టా ముక్క

మా చర్చికి గంట లేదు.
వేపకొమ్మకు ఇనుపతీగతో కట్టిన
మూరెడు రైలుపట్టా ముక్క ఉండె.
బేతంచెర్ల గూడ్సు లైను పక్కనుంచి
ఎవరి తాత మోసుకొచ్చినాడో.
ఆదివారం పొద్దున సుత్తితో కొడితే
నాపరాళ్ల గుట్టలు దాటి వినపడేది.

దాన్ని నేను అమ్ముకుంటి.

పాలిషింగు మిల్లులో బ్లేడు కింద
ఎడమచేతి వేళ్లు రెండు పోయిన ఏడు అది.
పనికి పిలిచేవాడు లేడు,
అప్పిచ్చేవాడు అసలే లేడు.
కరుణమ్మ కాలిపట్టీలు, ఇత్తడి బిందె,
పిల్లదాని పరీక్ష ఫీజు
అప్పటికే తాగేసింటి.
నడిరేయి పోయి తీగ తెంపితి.
హుసేనయ్య పాతినుము అంగడిలో
పదకొండు కిలోలు తూగింది.
మూడు దినాలు వచ్చింది, తాగేదానికి.

ఆదివారం చెట్టు ఊరికే నిలబడింది.
ఎప్పుడు రావల్లో తెలీక
జనం ఒకరెనక ఒకరు వచ్చినారంట.
అందరికీ తెలుసు.
ఎవరూ మా ఇంటి మీదికి రాలేదు.
తన్నేవాళ్ల కోసం కాసుకొని కూర్చుంటి,
తలుపు గడియ కూడా పెట్టకుండా.

బుధవారం తెల్లారుజామున
చర్చి చిమ్మే రాహేలవ్వ వచ్చింది,
నెత్తిన చుట్టకుదురు, దాని మీద గోనెసంచి.
దించితే ఇనుము చప్పుడు.
అంగడి అన్నాక లాభం వేసుకుంటారు గదా,
పింఛను ఎంత పోయిందో ఆమె చెప్పలేదు.
"చెట్టు ఎక్కలేనప్పా మద్దిలేటీ,
నువ్వే కట్టు" అనింది.
అంతే.

ఎనిమిది వేళ్లతో తీగ మెలిపెడతాంటే వణుకు.
మందు దిగిన వణుకు కొంత.
మిగతాది ఏమో.

ఆ దినమే మానేస్తినంటే అబద్ధం.
పీర్ల పండగకు తాగితి.
క్రిస్మస్ ముందర ఇంకోసారి.
తాగిన మరుసటి పొద్దున కూడా
సుత్తి నా చేతికే ఇచ్చినారు.
అది తట్టుకోలేకపోతి.

అయ్యగారు ప్రసంగంలో నన్ను
దేవుడు పాలిష్ పట్టిన రాయి అన్నాడు.
రాయి సంగతి నాకు తెలుసు సామీ.
రాయి దొంగతనం చేయదు, దానికి అప్పులుండవు.
నేను ఆ పట్టా ముక్కను.
నన్ను కారుచౌకగా అమ్ముకున్నది నేనే.
అంతకంటే ఎక్కువ ఇచ్చి విడిపించి
ఎవరో నెత్తిన మోసుకొచ్చినారు.
తుప్పు అట్లనే ఉంది.
కొడితే మోగుతాది.

కరుణమ్మ ఇంకా డబ్బులు
కొర్రల డబ్బాలో దాస్తుంది. దాయనీ.
డబ్బా యాడుందో నాకు తెలుసు.
నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

రేపు ఆదివారం.
సుత్తి తలాపున పెట్టుకొని పండుకుంటా.