హోల్టర్ డైరీ

విల్సన్ గార్డెన్ పదో క్రాస్‌లో
మెట్ల కింద గది నాది.
ఐదు తీగలు, ఐదు స్టిక్కర్లు అంటించి పంపిస్తాను.
మర్నాడు ఆ మనిషి గుండె
తెర మీద గీతలు గీతలుగా పరుచుకుంటుంది.

ఓబులేసుది కదిరి.
పగలంతా బండి మీద ఊరివాళ్ళ బిర్యానీలు మోస్తాడు.
డైరీలో పొట్టి పొట్టి రాతలు:
"1.40 డెయిరీ సర్కిల్, ట్రాఫిక్.
4.15 లిఫ్టు లేదు, ఆరో అంతస్తు.
8.50 కస్టమరు తిట్టినాడు."
అన్నిచోట్లా నూటపది, నూటపదిహేను.
సరే, లెక్క కుదిరింది.

రాత్రి 11.20 దగ్గర ఒకటే మాట: "మిద్దె మీద. నిమ్మళం."
ఆ నిమ్మళం కింద
గీత నూటముప్పై ఎనిమిది మీద ఉరుకుతోంది.

"ఏం తాగినావు?"
నేల చూశాడు.
"గంజాయక్కా. రెండు దమ్ములే.
మనసు కట్టేసిన గొడ్డు మాదిరి పండుకునె."

గొడ్డు పండుకుంది సరే,
గుండె ఎవరి సంతకు పోయిందో!

డాక్టర్ తబిత చెప్పింది ఒకసారి, టీ చల్లారిపోతుంటే:
ఆ పొగకి రక్తనాళాలు వదులవుతాయి, బీపీ జారుతుంది.
జారేదాన్ని పట్టుకోడానికి
సింపథెటిక్ నరాలు గుండెని అదిలిస్తాయి.
కొందరికి మనసు కూడా లేచి దానితో పరిగెడుతుంది,
అప్పుడు చచ్చిపోతున్నామని ఆస్పత్రికి వస్తారు.

ఇంకోటి కూడా చెప్పింది.
అలాంటి సరుకే మన ఒంట్లో ఊరుతుందట,
ఆనందమైడ్.
మన మాటే, తోక ఒకటి తగిలించుకుంది.
అది ఎదురు నడుస్తుంది:
కబురు అందుకున్న కణం నుంచి
కబురు పంపిన కణం దగ్గరికి,
"విన్నాను, ఇంక అరవకు" అని.
చెప్పి, కరిగిపోతుంది.

ఓనరు ఫోను మోగితే
నా వేళ్ళ మధ్య స్టిక్కరు వణుకుతుంది.
నాకెవరూ తీగలు అంటించలేదు.
నా లోపల ఆ ఎదురు నడిచేది
ఏ సిగ్నల్ దగ్గర ఇరుక్కుందో.

"ఇదంతా రాస్తావా అక్కా? కంపెనీ వాళ్ళు చూస్తారేమో."
డాక్టరు తప్ప ఎవరూ చూడరన్నాను.
నమ్మలేదు.
11.20, నూటముప్పై ఎనిమిది, టైపు చేశాను.
పక్క గడిలో అతని మాటే, అతని అక్షరాల్లోనే: నిమ్మళం.

చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా
అతని జేబులో ఫోను కీచుమంది. కొత్త ఆర్డరు.
ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

యంత్రం అప్పటికే ఆపేశాను.