ఒక్క బస్తా జాగ

ఏనుమాముల యార్డులో, కాంటా పక్కన
అరచేతిలో పట్టేంత యంత్రం
పొద్దున తొమ్మిదికే చేతులెత్తేసింది.
పలికిన ధర వారీగా లాట్లను పేర్చి
తూకానికి చీటీలు కొట్టాలి, దాని పని అంతే.
ప్రోగ్రామ్ రాసింది నేనే.
జాబితాను ముక్కలు చేసి, ముక్కల్ని ముక్కలు చేసి
మళ్ళీ కలిపేటప్పుడు
పక్కన అంతే పొడుగు ఖాళీ జాబితా అడుగుతుంది.
దాని దగ్గర ఏముంది ఇయ్యడానికి?
ఎర్రదీపం.

మిరప ఘాటుకు తుమ్ముకుంటూ
ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కాపీలన్నీ కొట్టేశాను.
ఉన్న చోటులోనే, రెండు కొసల నుంచి నడిచొచ్చి
ఎక్కువది ఇటు, తక్కువది అటు
జాగలు మార్చుకోండి అన్నాను.
దీపం ఆరింది. చీటీలు చకచకా.

చాయ్ తాగొచ్చేసరికి లొల్లి.

గట్టుమల్లుది పరకాల, రాజమొగిలిది శాయంపేట,
ఇద్దరిదీ తేజ మిర్చి, ఇద్దరికీ ఒకటే ధర.
రాత్రి రెండింటికి ట్రాలీ దించినోడు గట్టుమల్లు.
చీటీలో ముందున్నది తెల్లారినంక వచ్చినాయన.
"నా వరుస ఏడబోయింది సారూ?"
నిజమే, ఏడబోయింది?
ఆ కొస నుంచి ఈ కొసకు ఎగిరించినప్పుడు
సమానమైన ఇద్దరిలో ముందెవరో
గాల్లోనే రాలిపోయింది.

షెడ్డులో ఓదెలు, పోశం
నలభై మూడు బస్తాల వరుస సర్దుతున్నారు.
గోడకూ దారికీ మధ్య అడుగు పెట్ట సందు లేదు.
ఓదెలు ఒక బస్తాను భుజానికెత్తుకున్నాడు.
ఖాళీ అంటే అదే, ఆ ఒక్క జాగ.
పోశం కొక్కెం వేసి
ముందున్నవాటిని ఒక్కొక్కటే ఇవతలికి జరుపుతూ పోయాడు,
ఓదెలు ఇగ చాలన్న దాకా.
"రెండు సరిసమానం ఉంటే?" అడిగాను.
"ముందొచ్చినదాన్ని దాటం సార్.
దాని ఎన్కనే దించుతం."

మళ్ళీ కూర్చున్నాను.
అదనంగా ఒకే ఒక్క గడి తీసుకుని
దానికి భుజం అని పేరు పెట్టాను.
నా భుజానికి బరువు తెలియదు.
ఓదెలుది ఎడమవైపు కమిలి, అంగీ అంటుకుపోయింది.

"కొంచెం నిదానం అయితది," ముందే చెప్పాను,
"నాలుగు వందల లాట్లకు ఆరు సెకన్లు ఎక్కువ."
చీటీని నాలుగు మడతలు పెట్టి
బనీను లోపలి జేబులోకి తోస్తూ గట్టుమల్లు
"ఆరు సెకన్లా?
నేను రాత్రి రెండింటి సంది ఉన్న" అన్నాడు.