సమ్మె రోజు పిండి

వాల్పరైసో కొండమీద మా బేకరీకి
యజమాని లేడు. ఐదుగురం ఉన్నాం,
ఒక పొయ్యి, మూడు బస్తాల మైదా అప్పు.
గల్లాపెట్టె పక్కన గాజు సీసాలో పడే చిల్లర
ఇల్లు ఖాళీ చేయమని నోటీసు అందినవాళ్ల
లాయరు ఖర్చుకి.

చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్లు సమ్మె కట్టిన రోజు
మేమూ షట్టరు దించేశాం.
"సమ్మె అంటే సమ్మే" అంది ఎర్సీలియా,
తాళంచెవి జేబులో వేసుకుని.

రాత్రి కలిపిన పిండి సంగతి
ఎవరికీ గుర్తు లేదు.
దానికి కరపత్రం అందలేదు.
తెల్లారేసరికి తొట్టి నిండా పొంగి
తడిగుడ్డని నెత్తిన మోసుకుంటూ
అంచు దాటి బల్లమీదికి పాకింది.

పారేద్దామా అన్నవాడు నొల్బెర్తో.
అన్నాక తనే చేతులు కడుక్కొచ్చాడు.
అమ్మకపోతే సమ్మె చెడదని యానీరా.
కాలిస్తేనే చెడుతుందని ఎర్సీలియా.
వాదన తెగలేదు,
పొయ్యి మాత్రం రాజుకుంది.

విరిస్తే నలుగురికి వచ్చే రొట్టెలు.
గోనెసంచుల్లో నూట ఎనభై మెట్లు దింపాం
ఫ్యాక్టరీ గేటు దాకా.
వేళ్లకి ఉప్పు పుండ్లున్న ఒకామె
తినలేదు, కాసేపు
రెండు అరచేతుల మధ్య పట్టుకుంది
వేడి కోసం.

ఆ రాత్రి పద్దు పుస్తకంలో
తేదీకి ఎదురుగా ఏం రాయాలో తెలీక
యానీరా పెన్సిల్ కొరుకుతోంది.
దాచిన పులిసిన ముద్దని
రేపటి తొట్టిలో పిసుకుతూ ఎర్సీలియా
ఇంకా అడుగుతూనే ఉంది,
"అది సమ్మె ఎట్లా అవుతుంది?"