వాలు

మూడు గంటలకి ఆకుపచ్చ రంగు పోశాను
పాడుబడ్డ మఠం వంటింటి మూల,
గడ్డిలో నోరు తెరిచిన రాతి కన్నంలో.
దిగువన వాగు దగ్గర ఎలునెడ్ గడియారం చూస్తూ నిలబడింది.
పంతొమ్మిది నిమిషాలు.
ఆవిడ వేసిన కేకకి
మొండిగోడల మీది కాకులు లేచి, మళ్ళీ అక్కడే వాలాయి.

అలా దొరికింది కాలువ.
ఎనిమిది వందల ఏళ్ళ నాటిదంటారు వాళ్ళు.
నాకు ఏళ్ళు తెలీవు, మురుగు తెలుసు.
ఈ వెల్ష్ లోయలో మూడు ఊళ్ళ మురుగు
నలభై ఒక్క ఏళ్ళు నా చేతుల మీదుగా పోయింది.
పెళ్ళి విందులో నా పక్కన కూర్చోడానికి జంకినవాళ్ళే
అర్ధరాత్రి పైపు పొంగితే పేరు పెట్టి పిలిచేవాళ్ళు.

జల్లెడల దగ్గర యూనివర్సిటీ పిల్లలు
ఒండ్రు కడిగి పళ్ళేల్లో పోస్తున్నారు:
అంజూర గింజలు, ఈల్ చేపల వెన్నుపూసలు,
గుడ్డపీలికలు (దేనికి వాడారో ఎవరూ పైకి అనలేదు),
మాంసం ముట్టమని ఒట్టేసుకున్నవాళ్ళ కాలువలో
శుభ్రంగా చీకిన పంది పక్కటెముకలు నాలుగు.
హెలెద్ అనే పిల్ల నవ్వాపుకోలేక పక్కకి వెళ్ళిపోయింది.

ఆ సన్యాసులు మాట్లాడుకునేవాళ్ళు కాదట. అన్నీ వేళ్ళ సైగలే.
రొట్టెకి ఒకటి, చేపకి ఒకటి.
కాలువకి ఏ సైగ అని అడిగాను.
ఎలునెడ్‌కి తెలీదు.

నాలుగో రోజు నన్ను లోపలికి దించారు.
మోకాళ్ళకి రబ్బరు, నడుముకి తాడు.
ఒకసారి లాగితే ఆగమని,
రెండుసార్లు లాగితే పైకి తీయమని.
వంగి కొంత దూరం, పాకి కొంత.
రాయికీ రాయికీ మధ్య కత్తిమొన దూరదు.
ఎవడూ చూడని చోట ఇంత నునుపెందుకు చెక్కావురా అని
తిట్టినట్టే మెచ్చుకున్నాను ఆ తాపీవాణ్ణి.
నీరు పల్లమెరుగు, నిజమే.
ఆ పల్లం ఎంతుండాలో ఎరగాల్సింది మాత్రం మనిషి.
ఎనభై అడుగులకి ఒక్క అడుగు.
ఎక్కువైతే నీరు మడ్డిని వదిలేసి పరిగెడుతుంది,
తక్కువైతే రెండూ కలిసి పడుకుంటాయి.

ముప్పై నాలుగో అడుగు దగ్గర
నా మట్టపుకర్రలో బుడగ వెనక్కి జరిగింది.

మళ్ళీ పెట్టి చూశాను.
కాలువ ఎదురెక్కుతోంది. రెండు వేళ్ళ మందం.
అటునుంచి తవ్వుకొచ్చినవాళ్ళూ ఇటునుంచి వచ్చినవాళ్ళూ
లెక్క తప్పి కలుసుకున్న చోటు కాబోలు.
తప్పిందని తెలిసినవాడొకడు
పలకరాతి ముక్కలు పేర్చి, పైన సున్నం మెత్తి
బొటనవేలితో అదిమాడు.
ముద్ర ఇంకా ఉంది.
అందులో నా వేలు పెట్టాను. పట్టలేదు, నాది లావు.

ఎనభై ఆరులో, చాపెల్ వీధి కింద,
నా చేతిలోనూ ఒక పైపు ఇలాగే ఎదురెక్కింది.
శుక్రవారం. వాన. కాంక్రీటు లారీవాడు హారన్ కొడుతున్నాడు.
విరిగిన పెంకొకటి కిందకి దోపి, పైన పోయించేశాను.
ఏటా ఫిబ్రవరిలో మిసెస్ ప్రోసెర్ వంటింట్లోకి నీళ్ళొచ్చేవి.
ఏటా ఫిబ్రవరిలో నేనే వెళ్ళి బాగుచేసేవాణ్ణి.
టీ ఇచ్చేది, జీలకర్ర కేకు ఇచ్చేది,
ఎంత మంచివాడివి గెథిన్, అనేది.
పోయేదాకా అంది.

వాడు ఎవరితో చెప్పుకున్నాడో.
మఠంలో చెప్పుకోడానికి చోటుంటుంది, మోకరిల్లడానికి రాయి ఉంటుంది.
లేక మాట్లాడరాదన్న నియమం చాటున హాయిగా దాక్కున్నాడో.
ఏటా ఆకులు రాలాక తనే దిగి, చేత్తో మడ్డి తోడి,
ఓర్పుగలవాడని పేరు తెచ్చుకున్నాడో.

"ఏముంది అక్కడ?" పైనుంచి ఎలునెడ్.
పెన్సిల్ పట్టుకుని ఉంటుంది.

"వాలు తప్పింది," అన్నాను. "రాసుకో.
తెలిసే కప్పాడు."

నా గొంతు రాళ్ళకి తగిలి నా దగ్గరికే వచ్చింది.

"తెలిసేనని ఎలా చెప్పగలవు?"

తాడు ఒకసారి లాగాను.