రెండో జాము రింగు

మస్తానయ్య ఫోన్లో మాట్లాడడు.
గంటకోసారి రింగిచ్చి పెట్టేస్తాడు.
ఒక రింగంటే గుంట బాగుంది.
రెండంటే కరెంటు పోయింది, డీజిల్ తీసుకురా అని.

నలభై రాత్రులుగా ఒకటే రింగు.
మొదటి వారం అది వింటే ఊపిరి ఆడేది,
ఇప్పుడది గోడ గడియారం చప్పుడు.
ముందే తెలిసిన మాటకి
కబురనే పేరెందుకు?

ఇవాళ రెండు దాటింది. మోగలేదు.

మోగకపోవడమూ ఒక మాటే,
కాకపోతే దానికి అర్థాలు ఎక్కువ.
కునుకు పట్టిందా, ఛార్జింగ్ అయిపోయిందా,
పామేమన్నా...
చాలీచాలని కూరని అందరి విస్తళ్ళలోకీ సర్దినట్టు
నా నమ్మకాన్ని వడ్డిస్తూ కూర్చున్నా.
ఒకరికి గరిటెడు ఎక్కువేస్తే ఇంకొకరికి తగ్గాల్సిందే,
గిన్నె ఒక్కటే కదా.

పోయినేడు తెల్లమచ్చ తగిలి
మూడెకరాలూ మూడు రోజుల్లో ఊడ్చుకుపోయాయి.
అందుకే నా అనుమానం ఒట్టి చేతుల్తో బయల్దేరదు,
పాత అప్పు కాగితాలు చంకన పెట్టుకునే వస్తుంది.

గంగపట్నం రోడ్డు మీద మోపెడ్.
మలుపు తిరగ్గానే నీళ్ళు చిలుకుతున్న చప్పుడు,
నాలుగు ఏరియేటర్లూ తిరుగుతున్నాయి.
ఒక విస్తరి లేచిపోయింది.
దాని కూరంతా మిగతా వాటికి పంచా.

మస్తానయ్య మొలలోతు నీళ్ళల్లో ఉన్నాడు.
"ఫోను గుంటలో పడింది మా!"
నవ్వొచ్చింది, సగం.
"తడుముతా ఉంటే రెండు చచ్చినవి తగిలినాయి."

ఆరు లక్షల పిల్లల్లో రెండు అంటే ఏమీ కాదు.
కానీ అతని చెయ్యి తడిమింది
చాపంత మేర.

ఇందుకూరుపేట ల్యాబులో కాలేషా అన్నాడొకసారి,
అక్కా, తెలియనితనానికీ తూకం ఉంది,
ఎంట్రోపీ అంటారు, లెక్క కట్టొచ్చు అని.
రొయ్యని కాటా వేసినట్టా అని ఎగతాళి చేశా.
ఇప్పుడు తెలుస్తోంది.
బాగుందని తెలిసినా నిలబడతా,
పోయిందని తెలిసినా ఏడ్చి నిలబడతా.
సగానికి సగం అన్నచోటే
మోకాళ్ళు పట్టు తప్పుతాయి.

కాకులింకా లేవలేదు.
లేస్తే, గట్టున వాలితే, అదో లెక్క.

చెక్ ట్రే తాడు పట్టుకున్నా.
నిన్నటికన్నా బరువుగా ఉందా,
లేక నా చెయ్యేనా?
"లాగండి మా" అంటున్నాడు మస్తానయ్య,
టార్చి నీళ్ళ మీద పెట్టి.
తాడు సగం పైకొచ్చింది.